ఐదింటి నుంచి వెళ్తున్న మెయిల్ ఆరోదాని నుంచి ఎందుకు వెళ్ళదు?

గుంటూరు అరండల్‌పేటలో ఒక టాక్స్ కన్సల్టెంటు గారి ఆఫీసు ఉంది. రెండు గదులు, ఆరు కంప్యూటర్లు, మధ్యలో ఒక రౌటరు, గోడవారగా ఏళ్ళ తరబడి కట్టలు కట్టి పేర్చిన వోచర్ల ఫైళ్ళు. చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకోవడం నా వృత్తి కనుక ఏడాదిలో నాలుగైదుసార్లయినా ఆ మెట్లు ఎక్కుతుంటాను. నాలుగేళ్ళ క్రితం ఒక నెల 17వ తేదీన, అంటే జీఎస్టీ 3బి రిటర్నుకు గడువైన 20వ తేదీ ఇంకా మూడు రోజులే ఉందనగా, అక్కడి సీనియర్ అకౌంటెంటు గారు ఫోన్ చేశారు. "నా సిస్టమ్‌లో మెయిల్స్ పోవట్లేదండీ. రావడం వస్తున్నాయి, పోవడమే లేదు. మిగతా వాళ్ళందరికీ బాగానే పోతున్నాయి. నిన్న ఒకబ్బాయి వచ్చి చూసి ఫార్మాట్ కొట్టాలన్నాడు, కొట్టించమంటారా?"

ఆవిడ చెప్పిన నాలుగు మాటల్లో మొదటి మూడూ రోగనిర్ధారణకు కావలసినదంతా దాదాపుగా చెప్పేశాయి. నాలుగోది, ఆ మూడింటినీ ఎవరూ చెవిన పెట్టలేదని చెప్పింది. ఫార్మాట్ చేయించవద్దని, నేను వచ్చేదాకా ఆ కంప్యూటరులో ఇంకేదీ మార్చవద్దని చెప్పి బయలుదేరాను.

ఆఫీసులో అన్ని కంప్యూటర్ల నుంచీ మెయిల్ ఆగిపోతే అది పెద్ద సమస్య అనీ, ఒక్కదానిలో ఆగిపోతే చిన్నదనీ అందరూ అనుకుంటారు. ఇబ్బంది పడే మనుషుల లెక్క చూస్తే అది నిజమే కావచ్చు. కారణాన్ని వెతికే మనిషికి మాత్రం ఆ ఒక్కటే అనే మాట చేతికి దొరికిన వరం వంటిది. ఒకే రౌటరు, ఒకే ఇంటర్నెట్ లైను, ఒకే మెయిల్ సర్వరు, ఒకే డొమైను పేరు పంచుకుంటున్న ఆరు కంప్యూటర్లలో ఐదు పనిచేస్తున్నాయంటే, ఆ ఐదూ ఉమ్మడిగా వాడుకుంటున్న వాటన్నిటినీ అనుమానితుల జాబితా నుంచి తీసేయవచ్చు. ఇక మిగిలేది, ఆ ఆరోదానికి మాత్రమే ప్రత్యేకంగా ఉన్న తేడా. దాన్ని వెతకకుండా పాస్‌వర్డు మార్చడం, అకౌంటు తీసి మళ్ళీ పెట్టడం, చివరికి డిస్కు మొత్తాన్ని తుడిచేయడం మన దగ్గర రిపేరు పేరుతో చెలామణి అవుతున్నాయి. అవి రిపేర్లు కావని, సాక్ష్యాన్ని తగలబెట్టడమేనని నా వాదన. ఈ వాదన నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు, ఒకసారి నా చేతులతో నేనే తగలబెట్టి నేర్చుకున్నది. ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందుగా, వస్తున్నాయి కానీ పోవడం లేదు అన్న మాట గురించి చెప్పాలి. మనకు తెరమీద కనిపించేది అవుట్‌లుక్ అనే ఒకే మెయిల్ ప్రోగ్రాము కనుక మెయిల్ అనేది ఒకే పైపు అనీ, అటూ ఇటూ నీళ్ళు అందులోనే ప్రవహిస్తాయనీ అనుకుంటాం. నిజానికి రాకకూ పోకకూ వేర్వేరు నియమాలు, వేర్వేరు తలుపులు ఉన్నాయి. ఆ రెండు ఏర్పాట్లూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు అవసరాల కోసం పుట్టినవి. మనకు వచ్చిన ఉత్తరాలను తెచ్చుకోవడానికి పాప్ గానీ ఐమ్యాప్ గానీ అనే పద్ధతిని వాడతాం. మెయిల్‌బాక్సు ఒకరి సొంతం కనుక అక్కడ పేరు, పాస్‌వర్డు అడగడం ముందునుంచీ ఉన్నదే. పంపడానికి వాడే ఎస్‌ఎంటీపీ సంగతి వేరు. ఇంటర్నెట్ తొలి నియమాలు రాసినవారిలో ఒకరైన జాన్ పోస్టెల్ 1982లో దాన్ని రాసినప్పుడు అందులో పాస్‌వర్డు అన్న ఊసే లేదు. వీధి మొగలో ఉండే ఎర్ర తపాలా పెట్టెలో ఎవరైనా వచ్చి ఉత్తరం వేసి వెళ్ళవచ్చు, నువ్వెవరని పెట్టె అడగదు. సర్వరుకు ఉండే అంకెల తలుపులనే పోర్టులంటారు. 25వ నంబరు పోర్టు వెనుక కూర్చున్న సర్వరు కూడా ఎవరు ఏ ఉత్తరం ఇచ్చినా పుచ్చుకుని ముందుకు పంపేది.

ఆ మంచితనాన్ని స్పామ్ వ్యాపారులు ఎలా వాడుకున్నారో అందరికీ తెలిసిందే కనుక వివరించను. దాని పర్యవసానంగా పోక దారిలో మాత్రం ఒకదాని వెనుక ఒకటిగా కాపలాలు వెలిశాయి. ఖాతాదారులు తమ ఉత్తరాలను సర్వరుకు అప్పగించడానికి విడిగా 587వ పోర్టును 1998లో కేటాయించారు. పంపేవాడు తానెవరో నిరూపించుకునే పద్ధతి, ఆ సంభాషణనంతా మధ్యలో ఎన్‌క్రిప్షన్‌లోకి, అంటే ఇతరులు చదవలేని గుప్తలిపిలోకి, మార్చుకునే పద్ధతి, రెండూ 1999లో ప్రమాణాలుగా వచ్చాయి. ఇళ్ళకూ చిన్న ఆఫీసులకూ ఇచ్చే కనెక్షన్ల నుంచి 25వ పోర్టు మీదుగా బయటికి వెళ్ళే దారిని చాలా ఇంటర్నెట్ కంపెనీలు మూసేశాయి. 465వ పోర్టు కథ అయితే మన ప్రభుత్వ జీవోలను గుర్తుకు తెస్తుంది. దాన్ని 1997లో ఇచ్చి, ఏడాది తిరగకముందే వెనక్కి తీసుకుని, అయినా జనం వాడటం మానకపోవడంతో 2018లో మళ్ళీ అధికారికంగా ఇచ్చారు. అందువల్లనే పాత అవుట్‌లుక్‌లలో అకౌంటు పెట్టేటప్పుడు రాకకు రెండు గడులు నింపితే సరిపోతుంది కానీ, పోకకు మాత్రం మోర్ సెట్టింగ్స్ లోపలికి వెళ్ళి, అవుట్‌గోయింగ్ సర్వర్ అనే పేజీలో టిక్కు పెట్టి, అడ్వాన్స్‌డ్ పేజీలో పోర్టు మార్చి, ఎన్‌క్రిప్షన్ రకం ఎంచుకోవాలి. తలుపులు ఎక్కువ ఉన్నచోటే తాళాలు ఎక్కువగా మొరాయిస్తాయి. కనుక పోక ఆగి రాక నడుస్తూ ఉండటం వింత కాదు, అదే సహజం.

ఇప్పుడు నా తప్పు సంగతి. విండోస్ ఎక్స్‌పీ ఇంకా రాజ్యమేలుతున్న రోజుల్లో, నేను ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు, ఒక ఎరువుల డీలరు గారి ఆఫీసులో సరిగ్గా ఇదే ఫిర్యాదు వచ్చింది. నాలుగు కంప్యూటర్లలో ఒకదాని నుంచి మెయిల్ పోవడం లేదు. రెండు గంటలు కుస్తీ పట్టి, ఏమీ తోచక ఫార్మాట్ చేస్తానన్నాను. డెస్క్‌టాపు మీద ఉన్నవి, మై డాక్యుమెంట్స్‌లో ఉన్నవి జాగ్రత్తగా కాపీ చేసుకున్నాను. ఆనాటి అవుట్‌లుక్ తన ఉత్తరాలన్నిటినీ దాచుకునే పీఎస్‌టీ ఫైలును మై డాక్యుమెంట్స్‌లో కాకుండా, మామూలుగా కంటికి కనిపించని ఒక అప్లికేషన్ డేటా ఫోల్డరులో పెడుతుందని నాకు అప్పటికి తెలియదు. సర్వరులో కాపీ ఉంచమన్న గడిలో టిక్కు కూడా లేదు. ఫార్మాట్ అయింది, విండోస్ ఎక్కించాను, అవుట్‌లుక్ పెట్టాను. నాలుగేళ్ళ ఉత్తరాలు లేవు. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, టెస్టు మెయిల్ పంపబోతే పాత ఎర్రరే మళ్ళీ వచ్చింది.

ఆ సాయంత్రం డీలరు గారు ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ కష్టం కలిగించింది. ఆయన దగ్గర పనిచేసే కుర్రవాడు కాసేపటికి టీ పట్టుకొచ్చి, మాటవరసకు అన్నట్టు, "అన్నా, ఈ సిస్టమ్‌కి నెట్టు ఆ డేటాకార్డుతో కదా వచ్చేది" అన్నాడు. వంగి చూశాను. సీపీయూ వెనకవైపు ఒక యూఎస్‌బీ డేటాకార్డు మిణుకుమిణుకుమంటోంది. కేబులు చివర విరిగిపోతే తాత్కాలికంగా పెట్టారట, ఆ తాత్కాలికం ఆరు నెలలైంది. మిగతా మూడు కంప్యూటర్లూ ల్యాండ్‌లైను బ్రాడ్‌బ్యాండ్ మీద వెళ్తుంటే, ఇది ఒక్కటే వేరే కంపెనీ దారిలో వెళ్తోంది. ఆ దారిలో 25వ పోర్టును మూసివేసిన రోజున ఈ కంప్యూటరు గొంతు మూగబోయింది. పోర్టును 587కి మార్చాను, మెయిల్ వెళ్ళింది. అరనిమిషం పని. మిగతా మూడింటికీ దీనికీ తేడా ఏమిటి అని వచ్చీరాగానే ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే, సీపీయూ వెనక్కి ఒకసారి తొంగి చూసి ఉంటే, నాలుగేళ్ళ ఉత్తరాలు మిగిలేవి. డిస్కు తుడిచినందువల్ల నాకు ఒరిగింది ఏమీ లేకపోగా, తప్పు డిస్కులో లేదన్న సంగతి తెలుసుకోవడానికి అంత మూల్యం చెల్లించాను. చెల్లించింది నేను కూడా కాదు, ఆయన.

అరండల్‌పేటకు తిరిగి వస్తే, నేను వెళ్ళేసరికి అకౌంటెంటు గారు తెరమీద ఎర్రరును అలాగే ఉంచారు. తెలుగులో చెప్పుకుంటే దాని సారాంశం ఇది: మీరెవరో చెప్పుకునే వీలు మీ సర్వరు ఇవ్వడం లేదు, ఈ మెయిల్ ప్రోగ్రాముకు తెలిసిన గుర్తింపు పద్ధతుల్లో ఏ ఒక్కటీ సర్వరుకు లేదు. అయితే ఆవిడ ఒక మంచి పని చేశారు. ముందురోజు ఆ అబ్బాయి రాకముందు వచ్చిన మొదటి ఎర్రరును ఫోనుతో ఫోటో తీసి పెట్టుకున్నారు. అది వేరే ఎర్రరు. మీరు ఎంచుకున్న ఎన్‌క్రిప్షన్ రకం మీ సర్వరుకు లేదు, వేరే రకం ఎంచుకుని చూడండి అని అందులో ఉంది. చివర బ్రాకెట్లలో 800సీసీసీ1ఏ అనే కోడు. అంటే నిన్న వచ్చిన అబ్బాయి ఆ సలహాను తు.చ. తప్పకుండా పాటించి, టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉన్నచోట నన్, అంటే ఏదీ వద్దు, అని పెట్టాడు. దాంతో మొదటి ఎర్రరు పోయి, దానికన్నా అర్థం కాని రెండో ఎర్రరు వచ్చింది. ఆ తరువాత పాస్‌వర్డు మార్చాడు, పోర్టును 25 చేశాడు. నేను అడుగుపెట్టేసరికి ఒక తప్పు ఉన్నచోట నాలుగు పోగయ్యాయి.

ఎర్రరు మెసేజీలను చదవాలి అని నేను అందరికీ చెబుతుంటాను, కానీ నమ్మాలి అని చెప్పను. ఈ మెసేజీ సర్వరు మీద నేరం మోపింది. అదే సర్వరుతో, అదే ఎన్‌క్రిప్షన్ రకంతో పక్కనున్న ఐదు కంప్యూటర్లూ హాయిగా ఉత్తరాలు పంపుతుండగా నేరం సర్వరుది ఎలా అవుతుంది? మెసేజీ అబద్ధం చెప్పలేదు. తాను నిలబడిన చోటు నుంచి తనకు కనిపించినంత మేరకు చెప్పింది. కోర్టులో సాక్షి మాటను ఎలా వింటారో దాన్ని కూడా అలాగే వినాలి. ఏం జరిగిందన్న దానికి సాక్షి పనికొస్తాడు, ఎవరు చేశారన్న తీర్పు మాత్రం అతని చేత చెప్పించకూడదు. ఇటువంటి మాటే జీమెయిల్ వాడేవాళ్ళు కూడా చూశారు. పాత పద్ధతిలో మామూలు పాస్‌వర్డుతో లోపలికి వచ్చే ప్రోగ్రాములను గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత అకౌంట్లలో ఆపేసినప్పుడు, 535 అనే అంకెతో యూజర్‌నేమ్, పాస్‌వర్డు అంగీకరించడం లేదన్న జవాబు వచ్చింది. పాస్‌వర్డు తప్పు కాదు, పద్ధతికే కాలం చెల్లింది. అది రాకా పోకా రెండూ ఆగిపోయిన సందర్భం కనుక మన కేసుకు సరిగ్గా సరిపోదు గానీ, ఆ వారంలో అక్షరాలా సరైన పాస్‌వర్డులను ఎందరు ఎన్నిసార్లు మార్చుకున్నారో నాకు తెలుసు, వాళ్ళలో కొందరికి నేనే చేసిపెట్టాను.

సరే, మొదట సెట్టింగులన్నిటినీ పక్క కంప్యూటరులో ఉన్నట్టే తిరిగి పెట్టాను. అంతే, మొదటి ఎర్రరు తిరిగి వచ్చింది. వచ్చినందుకు సంతోషించాను. తరువాత ఆవిడ మెయిల్‌బాక్సును అనుమానం నుంచి తప్పించాలి. దీనికి చాలామంది ఆవిడ అకౌంటును పక్క కంప్యూటరులో కొత్తగా పెట్టి చూస్తారు. పాప్ వాడే ఆఫీసులో అది ప్రమాదం, ఆవిడ ఉత్తరాలన్నీ పక్కాయన డిస్కులోకి దిగిపోతాయి. నేను చేసే పని వేరు. అవుట్‌గోయింగ్ సర్వర్ పేజీలో, రాకకు వాడే పేరు కాకుండా పోకకు విడిగా ఒక పేరు, పాస్‌వర్డు ఇచ్చుకునే గడి ఉంటుంది. పక్కాయన అకౌంటులో ఆ ఒక్క గడిలో ఆవిడ పేరు, పాస్‌వర్డు పెట్టి, నాకు నేనే ఒక ఉత్తరం పంపుకున్నాను. వెళ్ళింది. ఆవిడ అకౌంటు, పాస్‌వర్డు, సర్వరు, రౌటరు, లైను, అన్నీ నిర్దోషులని ఆ ఒక్క ఉత్తరంతో తేలిపోయింది. ఆ గడిని మళ్ళీ ఎప్పటిలా పెట్టేశాను.

ఇక ఆవిడ కంప్యూటరు నుంచి సర్వరు దాకా దారి ఉందా లేదా చూడాలి. విండోస్‌లో టెల్‌నెట్ అనే పాత పనిముట్టు ఒకటి ఉంటుంది. విస్టా నుంచి దాన్ని మూలన పెట్టేశారు కనుక కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్లలోకి వెళ్ళి బయటికి తీయాలి. నల్లటి తెరమీద టెల్‌నెట్ అని కొట్టి, మెయిల్ సర్వరు పేరు, 587 అంకె ఇచ్చాను. ఒక్క క్షణం ఖాళీ, ఆ తరువాత 220 అంకెతో సర్వరు పలకరింపు వచ్చింది. దారి ఉంది, ఫైర్‌వాల్ అడ్డుపెట్టడం లేదు. మనవైపు నుంచి ఎహ్లో అని పలకరించాను. అది హలో అన్న మాటను ఎస్‌ఎంటీపీ వాళ్ళు మార్చుకున్న తీరు. జవాబుగా 250తో మొదలయ్యే ఐదారు వరుసలు జారాయి. ఒక వరుసలో సైజు, పక్కన 52428800. అంటే 50 ఎంబీ దాకా ఉత్తరం పుచ్చుకుంటుంది కనుక అటాచ్‌మెంటు పెద్దదన్న అనుమానం అక్కర్లేదు. ఒక వరుసలో స్టార్ట్‌టీఎల్‌ఎస్ అని ఉంది, అంటే కావాలంటే ఎన్‌క్రిప్షన్‌లోకి మారదాం రా అని సర్వరు పిలుస్తోంది. పక్కనే కూర్చున్న అకౌంటెంటు గారు కళ్ళజోడు సవరించుకుని, "ఇదంతా సర్వరు మాట్లాడుతోందాండీ?" అన్నారు. అవునన్నాను. "ఇంత మర్యాదగా మాట్లాడేదాన్ని పట్టుకుని పనిచేయట్లేదంటాడేంటి ఆ అబ్బాయి" అన్నారు.

నాకు ఆసక్తి కలిగించింది ఆ జాబితాలో ఉన్నది కాదు, లేనిది. పేరు, పాస్‌వర్డు చెప్పుకోవడానికి వీలు కల్పించే ఆథ్ అనే వరుస అందులో లేదు. ఎన్‌క్రిప్షన్ లేని సంభాషణలో పాస్‌వర్డు చెప్పించుకోవడం ఆ సర్వరుకు ఇష్టం లేదు. ముందు తెర వేయి, తరువాత గుట్టు చెప్పు అన్నది దాని నియమం. నన్ అని పెట్టగానే రెండో ఎర్రరు ఎందుకు వచ్చిందో ఆ లేని వరుసే చెప్పింది. గుర్తింపు పద్ధతులు సర్వరుకు లేకపోవడం కాదు, తెర వేయనిదే అది వాటిని బయటపెట్టదు. చివరిగా స్టార్ట్‌టీఎల్‌ఎస్ అని నేనే కొట్టాను. కానిమ్మని 220తో జవాబు వచ్చింది. అక్కడితో టెల్‌నెట్ చేయగలిగింది అయిపోయింది, ఎందుకంటే ఎన్‌క్రిప్షన్ లెక్కలు చేత్తో టైపు చేసేవి కావు. కానీ నాకు కావలసింది దొరికింది. దారి బాగుంది, పలకరింపు బాగుంది, తెర వేసుకునే క్షణంలో మాత్రమే తెగిపోతోంది.

ఆ తెర వేయవలసింది ఎవరు? అవుట్‌లుక్ తన ఎన్‌క్రిప్షన్‌ను తాను చేసుకోదు, విండోస్ చేతికి అప్పగిస్తుంది. అప్పుడు స్టార్ట్ బటన్ వైపు చూశాను. గుండ్రంగా ఉంది. మిగతా ఐదింటిలో విండోస్ 10, ఇందులో విండోస్ 7. వచ్చీరాగానే చూడవలసినదాన్ని ఇంతసేపటికి చూశానని ఒప్పుకుంటున్నాను; ఆ తెరను అన్నేళ్ళుగా చూస్తూ ఉండటం వల్ల కళ్ళకు అలవాటైపోయింది.

ఇక కథ నిమిషంలో కలిసిపోయింది. టీఎల్‌ఎస్ 1.0 అనేది 1999 నాటిది. దాన్నీ, దాని తరువాతి 1.1నూ ఇక వాడవద్దని 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ తేల్చి చెప్పింది. దానికి ముందూ వెనుకా ఒక్కొక్క మెయిల్ సర్వరూ ఆ పాత పద్ధతులను కట్టేస్తూ వచ్చింది, ఈ ఆఫీసు సర్వరు కూడా నాకు ఫోన్ వచ్చిన వారంలోనే కట్టేసింది. 1.2 వచ్చింది 2008లో, విండోస్ 7 వచ్చింది 2009లో. అంటే విండోస్ 7కు 1.2 తెలుసు, కానీ మామూలుగా దాన్ని వాడదు. ఇంట్లో కొత్త గొడుగు ఉన్నా అటక మీది పెట్టెలో దాచి, చిరుగుల గొడుగుతోనే బయటికి వెళ్ళే మనిషి వంటిది అది. సర్వరు 1.2 కావాలంటుంది, ఈ కంప్యూటరు 1.0 చూపిస్తుంది, ఇద్దరికీ పొత్తు కుదరదు. అవుట్‌లుక్‌కు ఆ లోపలి తగువు తెలియదు కనుక మీరు ఎంచుకున్న రకం సర్వరుకు లేదని చెప్పి ఊరుకుంటుంది.

అయితే అదే కంప్యూటరులో క్రోమ్ తెరిచి వెబ్‌మెయిల్ నుంచి పంపితే ఉత్తరం ఎందుకు వెళ్తోంది? రెండు రోజులుగా ఆవిడ అలాగే నెట్టుకొస్తున్నారు, ఆ అబ్బాయి అవుట్‌లుక్ పాడైందనుకోవడానికి ఇదే కారణం. క్రోమ్ తన ఎన్‌క్రిప్షన్ సరంజామాను తనతోనే తెచ్చుకుంటుంది, విండోస్ పెట్టెలో ఏముందో దానికి అక్కర్లేదు. మరి రాక ఎలా నడుస్తోంది? దీనికి జవాబు చెప్పడానికి నాకే కొంచెం సిగ్గుగా ఉంది. ఆ ఆరు కంప్యూటర్లలోనూ ఉత్తరాలు 110వ పోర్టు మీదుగా, ఏ ఎన్‌క్రిప్షన్ లేకుండా, పాస్‌వర్డుతో సహా బట్టబయలుగా వస్తున్నాయి. ఆ సెట్టింగు ఏళ్ళ క్రితం పెట్టింది నేనే. తలుపే లేని దారిలో తాళం మొరాయించదు కదా. ఆ రోజే ఐదింటినీ 995వ పోర్టుకు మార్చాను, ఆరోదాన్ని చివర మార్చాను.

వైద్యం చిన్నదే. సర్వీస్ ప్యాక్ 1 ఉన్న విండోస్ 7 కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన కేబీ 3140245 అనే అప్‌డేటు ఎక్కించి, విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో టీఎల్‌ఎస్ 1.2ను మామూలుగా వాడమని చెప్పే విలువలు పెట్టి, ఒకసారి రీస్టార్టు చేయడం. రిజిస్ట్రీలో చేయి పెట్టేముందు దాని కాపీ ఒకటి తీసి పెట్టుకోవాలి, ఆ మాట నేను ప్రతిసారీ నాకు నేను చెప్పుకుంటాను.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా తోటి పనివాళ్ళు ఒక అభ్యంతరం చెబుతారు, దాన్ని తేలిగ్గా తీసేయలేను. విజిట్‌కు ఇంత అని తీసుకునేవాడికి టెల్‌నెట్ తెరిచి సర్వరుతో ముచ్చట్లాడే తీరిక ఎక్కడిది, ఫార్మాట్ అయితే మూడు గంటల్లో ఏ రోగమైనా కుదురుతుంది, కస్టమరుకు కావలసింది కారణం కాదు, పని అంటారు. ఇందులో సగం నిజం ఉంది. కారణం చెప్పినందుకు మనకు ఎవరూ డబ్బులివ్వరు, ఫార్మాట్ చేసినందుకు ఇస్తారు. కానీ లెక్క వేసి చూద్దాం. ఈ కేసులో ఫార్మాట్ చేసి మళ్ళీ అదే విండోస్ 7 ఎక్కిస్తే అదే 1.0 మళ్ళీ వచ్చి కూర్చునేది, అదే ఎర్రరు వచ్చేది. అంటే ఎరువుల డీలరు గారి దగ్గర నేను చేసిన ఘనకార్యమే. విండోస్ 10 ఎక్కిస్తే మెయిల్ వెళ్ళేది, నిజమే. కానీ ఆ కంప్యూటరుకు 7 ఎందుకు ఉంచారో కనుక్కోకుండా చేస్తే ఇంకో పని ఆగిపోయేది. సీపీయూ వెనుక లావుపాటి ప్యారలల్ కేబులుతో ఒక డాట్‌మ్యాట్రిక్స్ ప్రింటరు తగిలించి ఉంది, మూడు కాపీల కార్బన్ బిల్లులు ఇంకా దాని మీదే వస్తాయి. దాన్ని నడిపించే పాత బిల్లింగు ప్రోగ్రాము కోసమే ఆ యంత్రాన్ని అలా కాపాడుకుంటున్నారు. విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు అయిపోయిందని, మెయిల్ పనిని వేరే యంత్రానికి మార్చి దీన్ని బిల్లులకు మాత్రమే ఉంచమని కన్సల్టెంటు గారికి చెప్పాను. చూద్దామన్నారు. చూద్దామంటే మా ఊళ్ళో ఏమిటో అందరికీ తెలుసు.

ఈ ఒక్క కంప్యూటరు సూత్రానికి నేను చూసిన ఇంకో మారురూపం యాంటీవైరస్. మెయిల్‌ను కూడా తనిఖీ చేస్తానంటూ కొన్ని యాంటీవైరస్‌లు అవుట్‌లుక్‌కూ సర్వరుకూ మధ్యలో దూరి, సర్వరు తానెవరో రుజువుగా చూపే సర్టిఫికెట్టు స్థానంలో తమ సర్టిఫికెట్టు చూపిస్తాయి. మిగతా వాటిలో అది లేకుండా ఒక్కదానిలో ఉంటే తేడా అదే. దాన్ని మొత్తంగా తీసేయనక్కర్లేదు, మెయిల్ తనిఖీ ఒక్కటి పది నిమిషాలు ఆపి చూస్తే తెలిసిపోతుంది. చూసిన తరువాత మళ్ళీ పెట్టడం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

ఒక మాట మాత్రం ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు చెప్పాలి, ఎందుకంటే ఇది టెక్నీషియన్ చేయగలిగేది కాదు. మెయిల్ పోవడం లేదు అన్న ఫిర్యాదులో రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోతాయి. ఉత్తరం అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోయి తెరమీద ఎర్రరు వస్తే, మన కంప్యూటరు సర్వరుకు ఉత్తరాన్ని అప్పగించలేకపోయింది. సెంట్ ఐటమ్స్‌లోకి వెళ్ళిపోయి, కాసేపటికి మెయిలర్ డీమన్ పేరుతో తిరుగుటపా వస్తే, అప్పగించడం అయింది, అవతలివాళ్ళు పుచ్చుకోలేదు. రెండో దానికి మీ కంప్యూటరును విప్పి చూడటం దండగ. ఆ తిరుగుటపాలో మూడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 4తో మొదలైతే ఇప్పుడు కాదు తరువాత రమ్మని, 5తో మొదలైతే ఇక రావద్దని అర్థం. 450 వచ్చినవాడు కాస్త ఓపిక పట్టాలి, 550 వచ్చినవాడు అడ్రసు సరిచూసుకోవాలి. ఎర్రరు వచ్చిన వెంటనే ఓకే నొక్కి మూసేయకుండా అకౌంటెంటు గారిలా ఒక ఫోటో తీసి పెట్టుకుంటే మాకు సగం పని తగ్గుతుంది. మొదటి ఎర్రరు ఫోటో కావాలి. ఎవరో వచ్చి చేతులు పెట్టిన తరువాత వచ్చేది ఆ చేతుల తాలూకు ఎర్రరు, జబ్బుది కాదు.

ఆ సాయంత్రం రీస్టార్టు అయ్యాక అవుట్‌లుక్ తెరిచి, సెండ్ రిసీవ్ నొక్కి, ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. కింద పచ్చగీత కదిలింది. అవుట్‌బాక్స్ పక్కన బ్రాకెట్లలో ఉన్న 11, 10 అయింది, 9 అయింది, చివరికి అంకె మాయమైంది. అకౌంటెంటు గారి ముఖం విప్పారింది. టీ తెప్పించారు. మేము టీ తాగుతుండగానే ఆవిడ ఫోను మోగింది, అది పెట్టేసేలోపు టేబులు మీది ల్యాండ్‌లైను మోగింది. రెండు రోజులుగా అవుట్‌బాక్స్‌లో ఇరుక్కున్న ఆ పదకొండు ఉత్తరాలనే ఆవిడ వెబ్‌మెయిల్‌లో ఒక్కొక్కటిగా తిరిగి రాసి పంపి ఉన్నారు. ఇప్పుడు పదకొండు మంది క్లయింట్లకూ పన్ను ఎంత కట్టాలో చెప్పే ఉత్తరం రెండోసారి చేరింది. వాళ్ళలో ఒకాయన ఉదయమే చలానా కట్టేసి ఉన్నారు, మళ్ళీ అంత కట్టాలా అమ్మా అని అడుగుతున్నారు. అవుట్‌బాక్స్ ఖాళీ చేయకుండా సెండ్ నొక్కించింది నేనే కనుక, ఆ పదకొండు మందికీ ఫోన్లు చేయడంలో సగం నేను పంచుకున్నాను.